ఉత్పన్నం కాని ప్రశ్నలు



శాసనసభలో ప్రశ్నోత్తరాల సమయం అంటే ఏమిటో మీకు తెలుసు. టీవీలో చూసే ఉంటారు. కానీ ఆ ప్రశ్నలు అచ్చువేసిన కాగితం మాత్రం చాలామంది చూసి ఉండరు. నేను కొన్నేళ్లు విలేకరుల గ్యాలరీలో కూర్చున్నవాణ్ని కనుక ఆ కాగితాలు కట్టలు కట్టలుగా మా అటక మీద పేరుకుపోయాయి. ఏటా సంక్రాంతికి మా ఇంటావిడ వాటిని కిందికి దించుతుంది. కనుమ వెళ్లగానే నేను మళ్లీ పైకి ఎక్కిస్తాను.

ఆ కాగితానికి ఒక మూస ఉంది. ఫలానా శాఖ మంత్రి దయచేసి ఈ దిగువ విషయాలు తెలియజేస్తారా అని మొదలవుతుంది. ఆ తర్వాత అ, ఆ, ఇ. 'అ' ఏమంటుందంటే, ఫలానా నియోజకవర్గంలో ఇళ్ల నిర్మాణం నిలిచిపోయిన మాట వాస్తవమేనా? 'ఆ': అయితే, అందుకు కారణాలేవి? 'ఇ': ఎప్పటిలోగా పూర్తి చేస్తారు? పక్కన జవాబు ఉంటుంది. 'అ'కు, కాదండి. 'ఆ'కు, 'ఇ'కి కలిపి ఒకటే మాట: ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఉత్పన్నం కాదు అంటే పుట్టలేదని. అడిగిన మనిషి అక్కడే నిలబడి ఉంటాడు, అతని ప్రశ్న మాత్రం పుట్టనే లేదు! మొదట్లో ఇదంతా మంత్రుల గడుసుతనం అనుకునేవాణ్ని. చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు, సగం సార్లు తప్పు ఆ 'అ'లోనే ఉంటుందని. నిర్మాణం నిలిచిపోయిందా అని అడిగితే, ఎక్కడో ఒక ఇంటి దగ్గర ఒక మేస్త్రి ఒక ఇటుక పెడుతున్నా చాలు, "కాదండి" అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

ఆ కాగితంలో నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబు ఇస్తే సరిపోతుంది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు జాబితాకు ఎక్కుతాయి. ఎక్కినా అందరి వంతూ రాదు, గంట కొట్టేస్తారు. ఇంత ఇరుకులో దొరికిన ఒక్క ప్రశ్న ఎంత బరువు మోయాలో చూడండి. 1957లో జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా కంపెనీల్లో ఎందుకు పెట్టారని పార్లమెంటులో అడగడంతో మొదలైన వ్యవహారం, మరుసటి ఏడు ఫిబ్రవరికల్లా ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లింది. అందరి ప్రశ్నలూ అంత దూరం పోనక్కర్లేదు. సత్తెనపల్లి దాకా వస్తే చాలు.

సత్తెనపల్లి పేరు ఊరికే తీయలేదు. ఆ ఊరి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1952లో మొదలుపెట్టి నాలుగు సార్లు శాసనసభకు వెళ్లారు. వెనక పెద్ద పార్టీ ఉండి కాదు. మద్రాసులో కూర్చున్నారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలులో కూర్చున్నారు, ఆ తర్వాత హైదరాబాదులో. ముతక ఖద్దరు, చేతిలో గుడ్డసంచి. గ్రంథాలయాల నుంచి మద్యనిషేధం దాకా ఆయన పట్టుకోని ఉద్యమం లేదు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని పోరినవాళ్లలో ముందు వరసలో ఉన్నారు. అక్కడే 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఇవాళ కుడికాలువ కింద పచ్చగా కనిపిస్తున్న మిర్చి చేలన్నిటికీ అదే మొదలు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. ప్రభుత్వం తెలుగులో మాట్లాడాలని పట్టుబట్టిన మనిషి నియోజకవర్గం నుంచి వచ్చినవాణ్ని కనుక, "ఉత్పన్నం కాదు" అనే తెలుగు చూస్తే నాకు కొంచెం నొప్పిగానే ఉంటుంది.

ఇప్పుడు శాసనసభ వెలగపూడిలో ఉంది. అక్కడి నుంచి సత్తెనపల్లి ఎంతో దూరం కాదు. ప్రశ్న వేసిన సభ్యుడు మధ్యాహ్నం బయల్దేరితే పొద్దుగూకేలోపు తన ఊరి చేలో ఉండొచ్చు. వావిలాల గారికి ఈ సౌకర్యం లేదు.

ప్రశ్న పుట్టేలా ఎలా అడగాలో మూడు సంగతుల్లో చూపిస్తాను: ఇల్లు, నర్సరీ, భూమి. ముందు ఇంటి సంగతి చూద్దాం.

మా ప్రాంతంలో ఇల్లు కట్టడం మీద మాట్లాడాలంటే మట్టితో మొదలుపెట్టాలి. నల్లరేగడి. పత్తికి బంగారం లాంటి నేల. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ప్రత్తిపాడు వైపో పర్చూరు వైపో చేలో నడిచి చూడండి, కాలు దిగబడేంత నెర్రెలు ఉంటాయి. అదే మట్టి ఇంటి కిందా ఉంటుంది. చేను పగిలితే రైతు బాధపడడు, గాలి ఆడుతుందంటాడు. గోడ పగిలితే ఏం చేస్తాడు?

నాకు తెలిసిన ఒక మేస్త్రి ఉన్నాడు, పేరు ఎందుకులెండి. కాలనీ ఇళ్లు కట్టీ కట్టీ జుట్టు నెరిసింది. ఒకసారి నన్ను ఒక ఇంట్లోకి తీసుకెళ్లి కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పోయిన బీట చూపించాడు. అందులో ఒక అగ్గిపుల్ల దూర్చి, "ఇది జూన్‌లో పడిపోదండీ, మట్టి ఉబ్బి గోడ దగ్గరకొచ్చి పట్టేస్తుంది. మళ్లీ ఫిబ్రవరిలో దానంతటది రాలుతుంది" అన్నాడు. ఆ ఇంటావిడ నవ్వి, "మా ఇంటికి క్యాలెండరు అక్కర్లేదు బాబాయ్‌ గారూ" అంది. ఆ పగుల్లోకి వేపాకు కుక్కి ఉంది, జెర్రులు రాకుండా.

ఇలాంటి నేలలో ఇల్లు నిలవాలంటే నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపాలి, పునాది లోతుగా పోవాలి, ప్లింత్ బీమ్ వేయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఈ నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను ఎప్పుడో తయారుచేసి పెట్టారు. అంటే ఇది విజ్ఞానానికి అందని సమస్య కాదు, ఖర్చు సమస్య. ఇక ప్రభుత్వ లెక్కకు వద్దాం. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి లక్షా 20 వేలు, కొండ ప్రాంతాలకు లక్షా 30 వేలు. కొండకు 10 వేలు ఎక్కువ ఇవ్వాలని ఎవరికో తట్టింది. బాగానే ఉంది. రేగడికి ఎక్కువ ఇవ్వాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. బాపట్ల ఇసుక నేలలో ఇల్లూ మైదానమే, చిలకలూరిపేట నల్లమట్టిలో ఇల్లూ మైదానమే. రాష్ట్ర పథకం కింద లక్షా 80 వేలు ఇచ్చినప్పుడూ ఇంతే. నేలతో పని లేకుండా అందరికీ ఒకే రేటు.

అసలు ఈ ఇళ్ల లెక్క ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. గృహనిర్మాణ శాఖ భాషలో ఇంటికి నాలుగు మెట్లు: బీబీఎల్, బీఎల్, ఆర్ఎల్, ఆర్సీ. అంటే పునాది కింద, పునాది దాకా, కప్పు దాకా, శ్లాబు పడింది. ఒక్కో మెట్టుకు ఒక్కో బిల్లు పడుతుంది. మీ నియోజకవర్గంలో ఎన్ని ఇళ్లు పురోగతిలో ఉన్నాయని అడిగితే ఈ నాలుగు గడులున్న పట్టిక ఒకటి ఇస్తారు, ముద్దొచ్చేలా ఉంటుంది. గుంట తవ్వి ఆగిపోయిన ఇల్లు కూడా అందులో పురోగతిలోనే ఉంటుంది. నల్లరేగడి పల్లెల్లో ఆగిన ఇళ్లు ఎక్కువగా ఆ మొదటి గడిలోనే ఆగుతాయి. ఎందుకంటే ఇక్కడ డబ్బు తినేది భూమి లోపలి పనే. మొదటి బిల్లు గుంటలోనే అయిపోతుంది.

అందుకని సభ్యుడు "ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి" అని అడగడం దండగ. మంజూరు అనేది కాగితం మీద జరిగే పని, దానికి పునాది అక్కర్లేదు. "నల్లరేగడి నేలల్లో పునాది ఖర్చు మిగతా నేలల కన్నా ఎక్కువన్న సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా" అని అడగాలి. ఆ ప్రశ్నకు కాదండి అనడం కష్టం. అవునండి అంటే, మరి రేటు ఒక్కటే ఎందుకు పెట్టారన్న 'ఆ' దానంతటదే ఉత్పన్నమవుతుంది.

ఇక స్థలం. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలు పంచడం మొదలుపెట్టారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48 గజాల చిల్లర. సెంటున్నర 72 గజాలు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో 3 సెంట్లు, పట్నంలో 2 సెంట్లు అంది. నేను ఈ సెంట్ల వేలంపాటలో దిగను. కూలి మనిషి ఇంట్లో ఏముంటాయో మాత్రం చెప్తాను. ఒక గేదె లేకపోతే రెండు మేకలు. ఏడాదికి సరిపడా పత్తికట్టె, పొయ్యిలోకి. ఏరుకొచ్చి ఉప్పు బస్తాలో పోసిన మిరపకాయలు. స్నానానికి చీర కట్టిన దడి. వీటిలో ఏ ఒక్కటీ ఇంటి ప్లానులో ఉండదు. ప్లానులో ఒక హాలు ఉంటుంది, ఒక పడకగది, ఒక వంటగది ఉంటాయి. పత్తికట్టె ఎక్కడ పెట్టాలో గీసిన ఇంజినీరును నేను ఇంతవరకు చూడలేదు.

ఇల్లంటే ఇటుకలే కాదన్న సంగతి ఈ ప్రాంతానికి ఒకసారి చాలా కటువుగా తెలిసింది. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగాక, బతికినవాళ్లు ఊరు వదిలి చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరికి పోలేదు. చీరాలలోనే విజయనగర కాలనీ వెలిసింది. వాళ్లకు కారంచేడులో ఇళ్లు లేక కాదు. ఆ ఇళ్ల కింద నేల, చుట్టూ ఉన్న పొలం, తాగే నీళ్లు తమవి అని అనుకునే వీలు లేక. గృహనిర్మాణ శాఖ మంత్రిని అడిగే ప్రశ్న కాదిది, నాకు తెలుసు. ఏ శాఖ మంత్రిని అడగాలో కూడా చెప్పడం కష్టం.

ఇక నర్సరీ. ఈ మాట పల్నాడులో అంటే మీకు పిల్లలు గుర్తురారు. రోడ్డు పక్కన ఆకుపచ్చ షేడ్‌నెట్ పందిళ్లు, వాటి కింద ట్రేలలో కొబ్బరిపొట్టు మీద పెరిగే మిరపనారు గుర్తొస్తుంది. ఒకప్పుడు రైతు తన చేలోనే మడి కట్టి నారు పోసుకునేవాడు. ఇప్పుడు లెక్కపెట్టి మొక్కకు ఇంత అని కొంటున్నాడు. ఆ పందిట్లోకి ఒకసారి వెళ్లి చూడండి. బయట 40 డిగ్రీలున్నా లోపల చల్లగా ఉంటుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లుతారు. పురుగు రాకుండా చుట్టూ వల. ఒక మనిషి అదే పనిగా కనిపెట్టుకుని ఉంటాడు. 2010లో ఈ నర్సరీల రిజిస్ట్రేషనుకు చట్టం కూడా వచ్చింది. నారుకు అంత విలువ ఉంది, ఉండాలి కూడా. 2021-22లో నల్ల తామరపురుగు ఎగబడి గుంటూరు, ప్రకాశం చేలు పూతతో సహా మాడిపోయినప్పుడు రైతులకు తెలిసింది నారు దగ్గర నుంచి జాగ్రత్త ఎంత అవసరమో.

ఆ నారే నాలుగు నెలల తర్వాత ఎర్రటి చేనవుతుంది. డిసెంబరు నుంచి కోతలు. ఊళ్లో కూలీలు చాలరు. అప్పుడు కర్నూలు పడమటి నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. వాళ్ల మాటలో అది సుగ్గి. సుగ్గికి పోతున్నాం అంటారు, జాతరకు పోతున్నాం అన్నంత మామూలుగా. ఇంటికి తాళం, ముసలివాళ్లకు అప్పగింతలు, చంకలో పసిపిల్ల, గోనెసంచిలో గిన్నెలు. వచ్చి చేల గట్ల మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని నాలుగు నెలలు ఉంటారు. బడి ఈడు పిల్లలు తల్లిదండ్రులతో వలస పోకుండా వాళ్ల ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టారు. ఏ ఏడు ఎన్ని తెరిచారో, ఎప్పుడు తెరిచారో అడగాల్సిన ప్రశ్నే. అయితే నేను అంతకన్నా చిన్నవాళ్ల గురించి మాట్లాడుతున్నాను.

మొన్న ఫిబ్రవరిలో క్రోసూరు పక్కన ఒక చేలో చూశాను. గట్టు మీద వేపచెట్టు. కొమ్మకు చీర ఉయ్యాల. ఉయ్యాలలో ఏడాది నిండని పిల్ల. కాపలా ఎవరయ్యా అంటే ఆరేళ్ల అక్క. ఆ అక్క ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో ఒళ్లో తాలుకాయలు ఏరుతోంది. ఏరిన చేత్తోనే పిల్ల మొహం మీద ఈగను తోలింది. అంతే, పిల్ల కేరు కేరుమని ఏడుపు. తల్లి సాలులో నుంచి పరుగున వచ్చింది, కానీ ఆవిడ చేతులకూ కారమే. మోచేత్తో పిల్లను హత్తుకుని, గాలి ఊదుతూ నిలబడింది. పక్క సాలులో ఉన్న ముసలామె నీళ్ల క్యాను తీసుకొచ్చింది.

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని మన సామెత. ఈ చేలో నారు పోసినవాడు నీరు పోశాడు, నీడ కూడా కట్టాడు, మిరపనారుకు.

మరి అంగన్‌వాడీ లేదా? ఉంది. దేశంలో ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఆ ఊళ్లోనూ ఒకటుంది, చేనికి కిలోమీటరున్నర దూరం. పొద్దున 9కి తెరుస్తారు. వాళ్లు దిగిన గట్టు నుంచి కూలీల ఆటో 6 దాటగానే బయల్దేరుతుంది. అంగన్‌వాడీ టీచరమ్మ తాళం తీసేసరికి ఈ తల్లి మూడు సాళ్లు కోసేసి ఉంటుంది. సాయంత్రం 4కి మూస్తారు, ఈవిడ తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. పైగా అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలు చెప్పేది మూడేళ్లు నిండిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్లకు పోషకాహారం ఇంటికి ఇచ్చి పంపుతారు. ఇంటికంటే ఏ ఇంటికి? ఆధార్‌లో ఉన్న ఇల్లు కోసిగిలో తాళం వేసి ఉంది.

టీచరమ్మను ఏమీ అనడానికి లేదు. ఆవిడ గౌరవ వేతనం 11,500, ఆయమ్మది 7 వేలు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతా సమ్మె చేశారు, జీతాలు పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ 42 రోజులూ సరిగ్గా మా దగ్గర మిర్చి మొదటి కోతల రోజులు. అంగన్‌వాడీలు మూతపడితే చేలో ఉయ్యాలలు పెరిగాయా అని ఎవరైనా అడిగితే బాగుండేది. పెరగవు, ఎందుకంటే తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ పిల్లలు అక్కడ లేరు.

చట్టాలు లేకపోలేదు. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. జిన్నింగ్ మిల్లుకు అది వర్తించేది. ఉపాధి హామీ పనిలో ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక కూలి మనిషిని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి చట్టంలో రాశారు. చేలో కోతకు మాత్రం ఏదీ వర్తించదు. చేను ఫ్యాక్టరీ కాదు, రైతు యజమాని అనేంత యజమానీ కాదు. పదిహేను రోజులకో ముఠా మారుతుంది. అందుకే ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. 1969లో ఢిల్లీలో కట్టడాల దగ్గర కూలీల పిల్లలు దుమ్ములో పడుకోవడం చూసి మీరా మహాదేవన్ అనే ఆవిడ ఒక గుడారం వేసి మొబైల్ క్రెష్ మొదలుపెట్టింది. పని ఎక్కడికి పోతే పిల్లల గుడారం అక్కడికి. మన పక్క కర్ణాటకలో 2023లో కూసిన మనె అని పంచాయతీల్లో శిశు గృహాలు మొదలుపెట్టారు, 4 వేల పంచాయతీల్లో తెరుస్తామన్నారు. కోసిగి నుంచి ఆ సరిహద్దు కూతవేటు దూరం. మా సుగ్గి అక్కలు ఇటు రాకుండా అటు వెళ్లి ఉంటే పిల్లకు ఒక పక్క దొరికేదేమో, చెప్పలేను.

కాబట్టి "రాష్ట్రంలో అంగన్‌వాడీ కేంద్రాలెన్ని" అని అడిగే సభ్యుడికి నా మనవి. ఆ అంకె ఇంటర్నెట్‌లో ఉంది, మంత్రిని నిలబెట్టి అడగక్కర్లేదు. "డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మిర్చి కోతలు జరిగే మండలాల్లో, ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు, మూడేళ్ల లోపు పిల్లలను చూసుకునే కేంద్రాలు ఎన్ని?" అని అడగండి. జవాబు ఒకే అంకె వస్తుంది. ఆ అంకె మంత్రి నోటితో సభలో వినపడాలి.

భూమి గురించి ఎక్కువ చెప్పను. దాని మీద ఇప్పటికే చాలా ప్రసంగాలు విన్నారు. కానీ ఒక్క సంతకం సంగతి చెప్పకుండా వదలలేను.

ఈ నేల పుట్టించిన ఇద్దరు పెద్దమనుషులు చట్టసభల్లో భూమి మాట ఎత్తారు. నిడుబ్రోలు నుంచి ఆచార్య రంగా 1930లోనే కేంద్ర శాసనసభకు వెళ్లారు. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం గారు 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యి, జమీందారీల మీద విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1938లో ఇచ్చిన నివేదికలో ఆ సంఘం తేల్చింది ఏమిటంటే, భూమికి సొంతదారు సాగుచేసే రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని. పదేళ్లకు, 1948లో, జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఇప్పుడు మా దగ్గర జమీందార్లు లేరు. సాగుచేసేవాడు ఒకడు, పాసుపుస్తకం ఉన్నవాడు ఒకడు కావడం మాత్రం అలాగే ఉంది. సొంతదారు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. మిర్చి వేసేది కౌలురైతు. కౌలు చాలాచోట్ల ముందే కట్టాలి, పంట చూడకముందే.

1956 కౌలుదారీ చట్టానికి 1974లో చేసిన సవరణ కౌలు కనీసం ఆరేళ్లు ఉండాలంది. ఆరేళ్లు ఎవరికి రాసిస్తారు? అందుకని రాయడమే మానేశారు, నోటిమాటే మిగిలింది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. అందులో సొంతదారు సంతకం అక్కర్లేదు. ఆ కార్డు పట్టుకుని బ్యాంకుకు పోతే, అదే భూమి మీద సొంతదారు అప్పటికే అప్పు తీసుకుని ఉండేవాడు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల కార్డు, సొంతదారు సంతకం ఉంటేనే. మా తమ్ముడు వరసయ్యే ఒక కౌలురైతును ఎందుకు తీసుకోలేదురా కార్డు అంటే, "సంతకం అడిగితే ఈ ఏడు కార్డు వస్తుందేమో అన్నా, వచ్చే ఏడు పొలం ఉండదు" అన్నాడు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలుగా మార్కెట్ జోక్యం ధర ప్రకటించినప్పుడు, వాడు గుంటూరు యార్డులో టిక్కీల మీద కూర్చుని ఉన్నాడు. ఆ టిక్కీల్లో కాయ తనది. పొలం కాగితాల్లో పేరు ఇంకొకరిది.

అమరావతికి దాదాపు 34 వేల ఎకరాలు సమీకరించినప్పుడు సొంతదారులకు ప్లాట్లు, ఏటా కౌలు సొమ్ము ఇచ్చారు. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను పెట్టారు. అంటే భూమి లేనివాడు కూడా ఆ భూమి మీదే బతుకుతున్నాడని ప్రభుత్వం ఒకసారి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలును ఆధారం చేసుకుని, సొంతదారు సంతకం లేకుండా ఎంతమందికి సాగుదారుగా గుర్తింపు ఇచ్చారని అడిగితే చాలు. ఎన్ని కార్డులు పంచారని కాదు.

ఆ క్రోసూరు చేలో సంగతి పూర్తిగా చెప్పలేదు. పిల్ల ఏడుపు ఆగాక, ఆ తల్లి గట్టు మీద కూర్చుని అన్నం మూట విప్పింది. జొన్నరొట్టె, ఎర్రకారం. నా చేతిలో కాగితం చూసి ఏమిటని అడిగింది. శాసనసభలో ఎమ్మెల్యేలు అడిగే ప్రశ్నలమ్మా అని చెప్పాను. మీలాంటివాళ్ల పిల్లల కోసం చేల దగ్గర నీడ, పాలు ఉండాలని ఎవరైనా అడిగితే బాగుంటుందని ఇందులో రాసుకుంటున్నాను అన్నాను. రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపి కాసేపు ఆలోచించింది.

"అది మా ఊరి ఎమ్మెల్యే అడగల్లా సార్, ఈ ఊరి ఎమ్మెల్యే అడగల్లా?" అంది.

నేను ఇంకా నోరు తెరవలేదు. సాలు మొదట్లో మేస్త్రి కేకేశాడు, ఆవిడ లేచింది. ఉయ్యాల దగ్గర పెద్దపిల్ల మళ్లీ తాలుకాయలు ఒళ్లో పోసుకుంది.